బావని భయ్యా అన్నాను

పోయిన నెలలో ఒక ఉదయం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. తెలియని నంబర్లు నేను ఎత్తను. బ్యాంకు వాళ్ళమంటూ హిందీలో తియ్యగా మాట్లాడేవాళ్ళతో విసిగిపోయి ఉన్నాను. ఆ రోజు ఎందుకో ఎత్తాను. అవతల కాసేపు గాలి చప్పుడు, ఆ తర్వాత ఒక ముసలి గొంతు. "మరదలా, నాను అప్పలరాజుని. పోర్ట్ బ్లెయిర్లోనే ఉన్నాను." నన్ను మరదలా అని పిలవగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే, మా అమ్మ అన్నగారి కొడుకు. నలభై అయిదేళ్ళ పైచిలుకుగా మా రెండిళ్ళ మధ్య మాటల్లేవు. ఆ మాటలు పోవడానికి కారణం నేను. మిడిల్ పాయింట్లో మా ఇంటి గుర్తులు చెప్పి ఫోన్ పెట్టేశాను. ఇల్లు ఊడ్చాను. ఊడ్చిన ఇల్లే మళ్ళీ ఊడ్చాను. వేటకెళ్ళి బతికినవాడికి చేపల పులుసు పెట్టి ఏం మెప్పిస్తానని పప్పు పొయ్యి మీద పడేసి, అయిదు నిమిషాలకి అది దించి, బజారుకి పరుగెత్తి వంజరం ముక్కలు తెచ్చాను. అరవై దాటిన మనిషిని, పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, ఆ పూట ఏ పనీ ఒక్కసారితో తెమల్చలేకపోయాను.

ఆటో దిగి మెట్లెక్కి వచ్చాడు. బాగా నల్లబడ్డాడు, నెత్తి మీద నాలుగు వెంట్రుకలు మిగిలాయి, మోకాళ్ళు అరిగిపోయాయట. కొడుకు, కోడలు, మనవలు ద్వీపాలు చూద్దామని బయలుదేరి ఇతన్నీ వెంటబెట్టుకొచ్చారు. పొద్దున్నే వాళ్ళంతా హేవ్‌లాక్ ద్వీపానికి పడవెక్కితే తను హోటల్లో ఉండిపోయాడు. "సముద్రం సూడ్డానికి టికెట్టు కొనడమేటి మరదలా? మన సముద్రానికి ఏటి తక్కువొచ్చింది?" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం, నవ్వగలిగినందుకు నాకే ఆశ్చర్యం వేసింది. అప్పుడే నా మనవరాలు మోకాళ్ళ పైకున్న నిక్కరుతో కిందనుంచి వచ్చి, "దాదూ, నమస్తే" అని, స్కూటీ తాళాలు తీసుకుని, ఎక్కడికో చెప్పకుండానే వెళ్ళిపోయింది. అతను ఆ పిల్ల వెళ్ళిన వైపే చూసి, గోడ మీద మా ఆయన ఫోటో చూసి, నన్ను చూసి, "ఇక్కడ మీకు హాయి కాదేటి? అడిగేవోడు లేడు" అన్నాడు.

అవునన్నాను. అనేశాను గాని ఆ మాట అప్పట్నుంచి నన్ను నిలవనివ్వడం లేదు. మా తెలుగులో అడిగేవాడు లేడంటే రెండు అర్థాలు. ఏం చేసినా ఇదేమిటని నిలదీసేవాడు లేడని ఒకటి. తిన్నావా, ఉన్నావా అని పలకరించే దిక్కు లేదని ఇంకొకటి. మా బావ ఏ అర్థంలో అన్నాడో నేను అడగలేదు. కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చాను.

మా చిన్నప్పటి ఇల్లు ఇప్పుడున్న ఈ వీధికి రెండు మలుపుల అవతల, ఏటవాలు మీద ఉండేది. చెక్క గోడలు, రేకుల కప్పు. వాన మొదలైతే ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. అందుకే మా ఇంట్లో అందరికీ పెద్ద గొంతులు. తడిసిన చెక్క వాసన, కిరసనాయిలు వాసన, వాటి వెనక ఎండు చేపల వాసన, ఈ మూడూ కలిస్తేనే నాకు ఇల్లు. నాన్న సర్కారు పడవ మీద లాస్కరు. తాళ్ళు విసరడం, కట్టడం, డెక్కు కడగడం ఆయన పని. అమ్మ తెల్లవారకముందే జెట్టీకి వెళ్ళి డుంగీ పడవల నుంచి చేపలు పట్టుకొచ్చి, మలుపు దగ్గర చెక్క పెట్టె మీద కూర్చుని అమ్మేది. నీళ్ళొచ్చే రోజు మాత్రం అంగడి లేదు. నీళ్ళు మూడు రోజులకోసారి. ఆ రోజు ఇంట్లో ఉన్న ప్రతి గిన్నె, చెంబు, చివరికి నా టిఫిన్ డబ్బా కూడా నింపి, నింపిన వాటిని వరసలో పెట్టించి, అమ్మ నడుం మీద చెయ్యేసుకుని ఒకసారి చూసుకునేది.

మా అమ్మ పేరు నూకాలమ్మ. ఆ పేరుతో ఆవిణ్ణి పోర్ట్ బ్లెయిర్లో ఎవరూ పిలిచినట్టు నాకు గుర్తు లేదు. అందరికీ నూకా దీదీ. పక్కింటి బెంగాలీ ఆవిడకీ దీదీయే, రేషన్ షాపు రాంచీ అతనికీ దీదీయే, చేపలు కొనడానికొచ్చే ఆఫీసర్ల భార్యలకీ దీదీయే. ఆవిడ హిందీ ఆవిడ సొంతం. ఆ హిందీలో ఆడా మగా తేడా లేదు. "మేరా ఆద్మీ ఆయీ, చాయ్ పియీ, ఫిర్ చలీ గయీ" అని, మా ఆయన వచ్చింది, చాయ్ తాగింది, వెళ్ళిపోయింది అన్నట్టుగా మా నాన్న గురించి చెప్తుంటే వినేవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. ఆవిడా వాళ్ళతో కలిసి నవ్వేది, మర్నాడు మళ్ళీ అలాగే అనేది. సాయంత్రం ఇనప కుర్చీ గుమ్మం ముందు వేసుకుని, కాళ్ళు చాపుకుని, సుపారీ నములుతూ వచ్చేపోయే మగవాళ్ళతో సమానంగా మాట్లాడేది. చేప పాడైపోయిందని ఎవరైనా పేచీ పెడితే లేచి నిలబడి, తోక పట్టుకుని, "దేఖో భయ్యా, ఆంఖ్ దేఖో" అని చేప కన్ను అతని కంటి దాకా తీసుకెళ్ళేది.

నాన్నది వేరే కథ. అవతలి ఒడ్డున సొంత ఊళ్ళో ఉంటే నలుగురు కూర్చున్న చోట ఆయన మాటకి విలువుండేది. గాలి ఎటు మళ్ళుతుందో, వల ఎప్పుడు వెయ్యాలో ఆయన్ని అడిగి తెప్ప తోసేవాళ్ళట. ఇక్కడ ఆయన రోజంతా సాబ్, జీ సాబ్. ఇంటికొచ్చాక కూడా గొంతు వెంటనే పెరిగేది కాదు. అమ్మ వీధిలో పెద్ద గొంతుతో బేరమాడుతుంటే ఆయన లోపల మంచం మీద కూర్చుని వలేమీ లేకపోయినా వల అల్లే దారంతో ముళ్ళు వేసుకుంటూ, విప్పుకుంటూ ఉండేవాడు. ఈ ద్వీపాలకొచ్చాక మనవాళ్ళకి స్వేచ్ఛ దొరికిందా అని ఎవరైనా అడిగితే, మనవాళ్ళంటే ఎవరని నేను తిరిగి అడుగుతాను. మా ఒక్క ఇంట్లోనే దానికి రెండు సమాధానాలు ఉన్నాయి.

ఈ సంగతి నాకు ఓడ మీద బాగా తెలిసేది. మూడు నాలుగేళ్ళకోసారి నాన్నకి సెలవూ టికెట్లూ కలిసొస్తే విశాఖపట్నం ఓడెక్కేవాళ్ళం. బంక్ క్లాసు, కింది డెక్కు, ఇంజను వేడి, వాంతుల వాసన, స్టీలు డబ్బాల్లో అమ్మ చేసిన ఎండు రొయ్యల పొడి. మూడో రోజు తీరం సన్నని గీతలా కనపడగానే అమ్మ కాళ్ళకున్న హవాయి చెప్పులు తీసి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, పెట్టె అడుగున పెట్టేసేది. కొంగు నిండుగా కప్పుకునేది. అక్కణ్ణుంచి ఆవిడ గొంతు సగానికి దిగిపోయేది. అదే సమయానికి నాన్న బట్టలు మార్చుకుని, మీసం దువ్వుకుని, రెయిలింగు దగ్గర ఛాతీ విరుచుకుని నిలబడేవాడు. తిరిగి వచ్చేటప్పుడు రేవు దాటగానే పెట్టె అడుగు నుంచి చెప్పులు పైకి వచ్చేవి, నాన్న ఛాతీ లోపలికి పోయేది. ఒకే ఓడ, ఒకే నీళ్ళు. చిన్నపిల్లని, ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూ, నేను ఎటు వైపని ఆలోచించుకునేదాన్ని. నేను చెప్పుల వైపే.

ఊళ్ళో అమ్మ చెప్పులు ఎందుకు తీసేసేదో తర్వాత్తర్వాత అర్థమైంది. మా భాషలో మనిషిని పిలిస్తే చాలు, ఆ పిలుపుతోపాటు పది పనులు వెంట వస్తాయి. మావా అంటే తల మీద కొంగు రావాలి, కాళ్ళకి చెప్పులు పోవాలి. అత్తా అంటే చేతిలో ఉన్న పని వదిలి లేవాలి. బావా అంటే సిగ్గుపడాలి, వేళాకోళం పడాలి, పడుతూ పడుతూ ఒకనాటికి అతని ఇంట్లో పొయ్యి దగ్గరికి చేరాలి. ఇక్కడ భయ్యా అంటే ఏమీ లేదు. బస్సు ఆపమన్నా భయ్యాయే, కొబ్బరికాయ కొట్టివ్వమన్నా భయ్యాయే. దీదీ అంటే కూడా అంతే, అనేసి ఎవరి దారిన వాళ్ళు పోవచ్చు. ఇంటిపేరేమిటి, ఎవరి కోడలివి, ఎవరి మనవరాలివి అని ఆ పిలుపు అడగదు. మా అమ్మ అంత ధైర్యంగా కుర్చీలో కాళ్ళు చాపుకోవడానికి ఆ దీదీ అన్న మాటే కారణమని నా నమ్మకం. ఆ మాట నీడలో ఆవిడ ఎవరికీ ఏమీ కాదు.

నాకు పదిహేడేళ్ళప్పుడు వెళ్ళిన ప్రయాణం సెలవుల కోసం కాదు. అది ఓడెక్కాక తెలిసింది. అమ్మ నాకు ఊళ్ళో వాళ్ళలా చీర కుచ్చిళ్ళు పెట్టడం నేర్పిస్తూ, "అప్పలరాజు మంచోడు. మా అన్నకి నాను ఎప్పుడో మాటిచ్చీసినాను" అంది, నీళ్ళొచ్చే రోజు గిన్నెలు నింపినంత మామూలుగా. వద్దని చెప్పడానికి నాకు హిందీలో ఎన్నో మాటలు వచ్చు. తెలుగులో, మా అమ్మతో, ఆవిడ అన్నకిచ్చిన మాట గురించి, వద్దు అని చెప్పే వాక్యం నాకు రాలేదు. ఆ వాక్యం మా ఇంట్లో ఎవరి నోటా నేను వినలేదు. మూడు రోజులు డెక్కు మీద తిరిగాను. కూర్చుంటే నిలబడాలనిపించేది, నిలబడితే నడవాలనిపించేది. అప్పలరాజంటే నాకు ఏ అయిష్టమూ లేదు. ఆ ఊళ్ళో చెప్పులు సంచిలో చుట్టి శాశ్వతంగా పెట్టె అడుగున పెట్టేయడమే నాకు ఇష్టం లేనిది.

మావయ్య ఇల్లు శ్రీకాకుళం తీరాన, ఇసుకలోనే. వెళ్ళిన రెండో రోజు అరుగు మీద మావయ్య, నాన్న, ఖరగ్‌పూర్ రైల్వేలో కొన్నాళ్ళు పనిచేసొచ్చిన ఒక పెద్దాయన కూర్చున్నారు. ఆడవాళ్ళం గుమ్మం లోపల. అప్పలరాజు వేట నుంచి వచ్చి ఒళ్ళంతా ఉప్పుతో మెట్టు మీద కూర్చున్నాడు. "బావకి నీళ్ళియ్యే" అంది అత్త, నవ్వు దాచుకుంటూ. అది నీళ్ళ కోసం అన్న మాట కాదని అందరికీ తెలుసు. ఆ గ్లాసు ఇవ్వడం, అతను తీసుకోవడం, మా వాళ్ళలో అదే సగం ఒప్పందం. నేను స్టీలు గ్లాసు పట్టుకెళ్ళి, తల ఎత్తి, అరుగు మీద వాళ్ళకి కూడా వినపడేలా అన్నాను. "లో భయ్యా, పానీ."

"ఏటంది?" అన్నాడు మావయ్య. ఖరగ్‌పూర్ పెద్దాయన ఇబ్బందిగా గొంతు సవరించుకుని, "అన్నా అంది. అన్నా, నీళ్ళు తీసుకో అంది" అన్నాడు. అప్పలరాజు గ్లాసు అందుకున్నాడు గాని తాగలేదు. బావని ఒకసారి అన్నా అన్నాక ఇంక పెళ్ళి మాట ఎత్తకూడదు, అది మా వాళ్ళలో పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. అమ్మ గబగబా బయటికొచ్చి, జారుతున్న కొంగు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "అయ్యో, నోరు జారింది అన్నా. అక్కడ అందర్నీ అలాగే అంతారు. బస్సు కండట్రుని అంతారు, కూరలోణ్ణి అంతారు."

"నా కొడుకు బస్సు కండట్రేటి?" అన్నాడు మావయ్య.

ఆయన కోపిష్టి కాదు, ఒప్పుకోవాలి. మేం బయలుదేరే రోజున అమ్మని పక్కకి పిలిచి చెప్పిన మాట నేను తలుపు వెనక నుంచి విన్నాను. "గుంట నోరు జారిందో, మనసులోదే అనీసిందో నాకు తెల్దు. నువ్వెల్లి కుదురుగా అడుగు. నోరు జారిందనీ, తప్పైపోనాదనీ ఒక్క ముక్క రాయి. నానే ముహూర్తం పెట్టించి కబురెడతాను." అమ్మ తల ఊపింది. ఓడలో ఆవిడ నన్ను ఏమీ అడగలేదు. అడిగితే నేను నిజం చెప్పేస్తానని భయపడిందేమో, నాకు తెలియదు. ఆ రోజు నా నోరు జారలేదు. మూడు రోజులు డెక్కు మీద తిరిగి ఏరుకున్న మాట అది. వద్దు అన్నట్టూ ఉండాలి, అలవాటులో అనేసినట్టూ ఉండాలి. అలాంటి మాట తెలుగులో లేదు.

అంతవరకూ జరిగిందానికి నేను సిగ్గుపడను. ఎన్నో ఏళ్ళు దాన్ని నవ్వుతూ కథలా కూడా చెప్పుకున్నాను, మా ఆయనకి, తోటి టీచర్లకి. ఆ తర్వాత జరిగింది మాత్రం ఎవరికీ చెప్పలేదు. మా ఇంట్లో చదువొచ్చింది నాకొక్కదానికే. అమ్మకి గాని నాన్నకి గాని అక్షరం రాదు. ఊరికి ఉత్తరం రాయాలంటే అమ్మ సాయంత్రం వంట ముగించి, చేతులు తుడుచుకుని, నా ఎదురుగా నేల మీద కూర్చునేది. కుర్చీలో కూర్చుని ఉత్తరం చెప్పడం ఆవిడకి చేతనయ్యేది కాదు, అన్నతో మాట్లాడుతున్నట్టే కొంగు కప్పుకునేది. ఆ రోజు కూడా అలాగే కూర్చుంది. నేను నీలం రంగు ఇన్‌లాండ్ కవరు పెట్టె మీద పరిచాను. ఆవిడ చెప్పింది. "అన్నా, గుంట నోరు జారింది. తప్పైపోనాది. నువ్వు మనసులో ఎట్టుకోకు. ముహూర్తం పెట్టించు. వచ్చే ఓడకి గుంటని తీసుకొచ్చీస్తాను." చెప్పి ముక్కు చీదుకుంది.

నేను రాశాను. ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాము. ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. నాన్న కాలి నొప్పి కొంచెం తగ్గింది. రేషను బియ్యం ఈసారి ముక్కిపోయి వచ్చాయి. ఇంతే సంగతులు. "సదువు" అంది అమ్మ. నేను కాగితం కళ్ళ ముందు పట్టుకుని, ఆవిడ చెప్పిన మాటలన్నీ ఒక్కటీ పొల్లుపోకుండా చదివాను. నోరు జారింది, తప్పైపోయింది, ముహూర్తం పెట్టించు. ఆవిడ వింటూ తల ఊపింది, తన మాటలు కాగితం మీద అంత చక్కగా కుదిరినందుకు కాస్త తృప్తి కూడా పడింది. జిగురు పెట్టి అంటించి నేనే పోస్టులో వేశాను.

జవాబు రాలేదు. ఎందుకొస్తుంది? అమ్మ ప్రతి ఓడకీ అడిగేది, పోస్టుమన్ భయ్యాని వీధి చివరే ఆపేసేది. అలా ఇంకో రెండుసార్లు నా ఎదురుగా నేల మీద కూర్చుంది. రెండోసారి చెప్పిన మాటలు మొదటిసారికంటే మెత్తనివి. మూడోసారి, "నీ చెల్లెల్ని కాదేటి అన్నా" అని కూడా అంది. రెండుసార్లూ నేను వానల గురించే రాశాను. మరుసటి ఏడాది ఓడ దిగిన ఎవరో అప్పలరాజుకి పెళ్ళైపోయిందని చెప్పారు. ఆ రోజు అమ్మ అంగడికి వెళ్ళలేదు. "మూడు ఉత్తరాలు రాసినాను. ఒక్క ముక్క జవాబివ్వలేదు. అంత పొగరా?" అంది. అంతే, మళ్ళీ ఎప్పుడూ అన్న పేరెత్తలేదు, విశాఖపట్నం ఓడెక్కలేదు. నాన్న ఆ అవమానం తనదే అన్నట్టు మావయ్య గడప తొక్కకుండా, వెళ్ళినా తన ఊరికే వెళ్ళి వచ్చేవాడు. నేను మెయిన్‌లాండ్ వెళ్ళి టీచర్ ట్రైనింగ్ చేశాను, మాయాబందర్‌లో పుట్టిన రాంచీ నుంచి ఈ ద్వీపాలకి వలసొచ్చినవాళ్ళ అబ్బాయిని నా ఇష్టంతో పెళ్ళి చేసుకున్నాను. ఎవరూ ఒక్క మాట అనలేదు. అనవలసినవాళ్ళందరినీ నేను ముందే దూరం చేసేశాను కదా.

ఇప్పుడు ఈ ఊళ్ళో మా మనవరాలికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అది తెలుగు గడగడా మాట్లాడుతుంది, చదవడం మాత్రం రాదు. బడిలో తెలుగు సెక్షనుకి పిల్లలు తగ్గిపోతూ ఉండగా నేను రిటైరయ్యాను. ఈ పేజీలు దాని ముందు పెట్టినా, "నానీ, పఢ్కే సునావో" అంటుంది. చదివి వినిపించమంటుంది. నేను ఏం చదివితే అదే నమ్ముతుంది. ఈ మధ్య ఆ సంగతి తలుచుకుంటే కూర్చోలేకపోతున్నాను. అమ్మ కూడా అలాగే నమ్మింది. అమ్మ ఈ ద్వీపాల్లో చెప్పులేసుకుని తిరిగింది, కుర్చీలో కూర్చుంది, ఎవరికీ తల వంచలేదు, చివరికి బూడిదై ఈ సముద్రంలోనే కలిసింది. అందరూ ఆవిణ్ణి చూసి ఎంత దర్జాగా బతికిందో అనుకునేవాళ్ళు. తన అన్నకి తన మాట చేర్చే దారి మాత్రం ఆవిడకి లేదు. ఉన్న ఒక్క దారిలో నేను కూర్చుని ఉన్నాను.

ఆ రోజు మధ్యాహ్నం అప్పలరాజు వంజరం పులుసు రెండుసార్లు వడ్డించుకుని తిని, మా ఊరి పులుపు లేదన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "ఆ రోజు నువ్వు నన్ను భయ్యా అన్నావు గదా, కావాలనే అన్నావు కాదేటి?" అన్నాడు. కోపం లేదు, వాతావరణం గురించి అడిగినట్టు అడిగాడు. కావాలనే అన్నానన్నాను. "నాకు ఆ రోజే తెలుసు. గ్లాసు ఇచ్చినప్పుడు నీ సెయ్యి వణకలేదు" అన్నాడు. నీకు ఇష్టమేనా అప్పుడని అడిగాను. "తెల్దు మరదలా. ఇష్టమనీ సెప్పలేను, కాదనీ సెప్పలేను. నన్నెవులూ అడగలేదు. నీకు ఆ హిందీ మాటైనా ఉన్నాది."

నా గుండె కాస్త తేలికపడింది. ఇంతేనా, ఇన్నేళ్ళుగా మోసింది ఇంతేనా అనుకుంటూ టీ పెట్టడానికి లేచాను. అతను మాత్రం మాట ఆపలేదు.

"మా నాయినకి నీ మీద కోపం లేదు. మా అత్త మీదే, మీయమ్మ మీద. అత్త ఉత్తరాలు మూడొచ్చినాయి. ఇంట్లో సదువొచ్చినోణ్ణి నానే గదా, నానే సదివి ఇనిపించినాను. వానలు, రేషను బియ్యం, మావ కాలి నొప్పి. మా నాయిన మల్లీ సదవమన్నాడు. మల్లీ సదివినాను. ఎనక మడత కూడా సూడు, అక్కడేటైనా రాసిందేమో అన్నాడు. మూడు ఉత్తరాలకీ అలాగే అన్నాడు, ఎనక మడత సూడు, ఎనక మడత సూడు అని. ఒక్క ముక్క రాస్తే సాలు, నానే ఓడెక్కి పోదును, దీవులకెల్లి నా సెల్లి పెద్దదైపోనాది అనుకుంటా పోయినాడు. మా ఊల్లో ఇప్పటికీ అత్త పేరు సెప్తే అంతే, పొగరుమోతు నూకాలు."

పొగరుమోతు అన్న ఆ ఒక్క మాటని అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకరి మీద ఒకరు పెట్టుకుని పోయారన్నమాట. సముద్రానికి ఆ ఒడ్డున ఒకరు, ఈ ఒడ్డున ఒకరు. నేను నిలబడే ఉన్నాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. అమ్మ నేల మీద ఎలా కూర్చుందో, ఏం చెప్పిందో, నేను ఏం రాశానో, రాయనిది ఎలా చదివి వినిపించానో, మూడు ఉత్తరాల సంగతీ చెప్పాను. ఏడవలేదు. ఏడిస్తే అతను ఓదారుస్తాడు, అది నాకు వద్దనిపించింది. అతను వింటున్నంతసేపూ తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

నువ్వు తిట్టు అన్నాను చివరికి. లేకపోతే నేనే ఊరొచ్చి అందరి ముందూ చెప్తాను, అమ్మ రాయమంది, నేనే రాయలేదని.

"రా. ఇనాల్సినోల్లు ఎవులూ లేరు గాని, రా" అన్నాడు. ఆ తర్వాత తల ఎత్తి నా వైపు చూశాడు. మా ఇంట్లోకి వచ్చాక మొదటిసారి అతని గొంతులో కోపం విన్నాను. "నన్ను భయ్యా అన్నావు. అది నీ నోరు, నీ ఇష్టం. దానికి నాను ఏ రోజూ ఏటీ అనుకోలేదు. ఆ ఉత్తరం మాత్రం నీది కాదు మరదలా. అది మా అత్తది."